ఎర్ర పరికిణీ

నిన్న చీరల కొట్లో అమ్మాయి, "మీ వయసుకి లేత రంగులే బాగుంటాయి మేడమ్. ఈ ఎరుపు టేస్టుగా ఉండదు" అంది.

పందొమ్మిది వందల అరవైల చివర్లో మా బడిలో ఇంగ్లీషు మాస్టారూ ఇదే మాటన్నారు. టేస్ట్ అంటే నాలుకకు తెలిసే రుచి అని చెప్పి, బట్టలు ఎంచుకోవడంలోనూ టేస్ట్ ఉంటుందంటూ స్టేషన్ మాస్టారి అమ్మాయి తెల్లగౌను చూపించారు. తర్వాత నా ఎర్ర పరికిణీ, చిలకాకుపచ్చ జాకెట్టు చూపించి, "ఇందులో ఏ టేస్టూ లేదు" అన్నారు. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. అక్కడే పరికిణీ అంచు నోట్లో పెట్టుకుని చప్పరించాను.

"ఉన్నాది సార్. ఉప్పగా ఉన్నాది."

బెంచీ ఎక్కించారు. గంట కొట్టాక దిగమన్నా దిగలేదు.

సాయంత్రం నౌపడ ఉప్పుమళ్లలో పనిచేస్తున్న అమ్మ దగ్గరికి వెళ్లి, "నాకూ తెల్లగౌను కొనవేటి?" అని అడిగాను.

అమ్మ ఉప్పు లాగడం ఆపలేదు. "తెల్లదేస్తే ఇంత ఉప్పులో నువ్వెక్కడ ఆడతన్నావో నాకెలాగ అగుపడతాదే? ఎర్రదైతే ఎంత దూరంనుంచైనా సూస్తాను."

కొట్లో అమ్మాయి లేతరంగు చీర విప్పబోయింది.

"ఆ ఎర్రదే ఇవ్వమ్మా" అన్నాను. "నేను ఎంత దూరానికైనా కనబడాలి."