మిల్లు మునుగుతుందన్న లెక్క

ఎనభైల చివర కరీంనగర్‌లో కామర్స్ పాఠాలు చెబుతూ పరిశోధనకు దిగాను. షేర్ మార్కెట్‌లో ఉన్న కంపెనీల్లో ఏది దివాలా తీస్తుందో రెండేళ్ల ముందే లెక్కగట్టి చెప్పడం నా విషయం. మునిగినవి ఒక గుంపు, నిలబడ్డవి ఒక గుంపుగా పెట్టి, అప్పులూ అమ్మకాలూ లాభాలూ ఆస్తుల్లో ఎన్నో వంతో చూసి, ఆ రెండు గుంపులనూ బాగా విడదీసే ఒక స్కోరు తయారు చేయాలి. స్కోరు ఒక గీత కిందకు పడితే ఆ కంపెనీ పని అయిపోయినట్టే.

దీనికి వార్షిక నివేదికలు కావాలి. మా ఊళ్లో ఏ లైబ్రరీలోనూ అవి దొరకవు. షేరు ఉన్నవాడికి మాత్రం కంపెనీయే ఏటా పోస్టులో పంపుతుంది. అందుకని ఒక్కో కంపెనీవి నాలుగైదు షేర్లు కొన్నాను, అదీ ఏరికోరి మునిగేలా ఉన్నవాటివి. నా అంత తెలివితక్కువ షేరుదారు జిల్లాలోనే లేడని తోటి లెక్చరర్లు ఆట పట్టించేవారు. నేనూ నవ్వేవాడిని.

మా అక్కవాళ్లుండేది గోదావరిఖనిలో. బావ బొగ్గు బాయిలో ఫిట్టర్. పైకప్పు కూలి పక్కనున్న మనిషి పోయినప్పటినుంచి కిందకు దిగాలంటే ఆయనకు భయం. ఒక ఆదివారం ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. బల్ల మీద ఆదిలాబాద్ జిల్లా నూలు మిల్లు ఒకటి షేరుదారుగా నా పేరుకు పంపిన కవరు ఉంది. బావ దాన్ని తిప్పి చూశాడు.

“బామ్మర్దీ, గీ మిల్లు ఎట్లుంటది?”

దాని స్కోరు గీతకు చాలా కింద ఉందని ముందురోజే తేలింది. కానీ ఈ పద్ధతి గుంపుల గురించి చెప్పేది, ఏ ఒక్క కంపెనీ గురించీ గట్టిగా మాట్లాడకూడదని మా గైడు పదేపదే హెచ్చరించేవాడు. బావ ఊరికే అడుగుతున్నాడనుకున్నాను.

“ఇంక లెక్కలు కాలే బావా, గిప్పుడే ఏం చెప్పలేను” అన్నాను.

నెల తిరక్కముందే ఆయన బాయి పనికి రాజీనామా ఇచ్చి, ఆ మిల్లులో చేరి, స్వీట్ల డబ్బాతో వచ్చాడు.

“నువ్వు చెప్పకున్నా నాకు సమజైంది. గింత సదువుకున్నోనివి, ఊకెనే షేర్లు కొంటవా?”

బాయి పని వదిలితే మళ్లీ తీసుకోరు. ఇక చెప్పి ఏం లాభం అనుకుని స్వీటు నోట్లో వేసుకున్నాను. అది పిరికితనం, దానికి ఇంకో పేరు లేదు.

రెండో ఏడు మిల్లుకు తాళం పడింది. నా పరిశోధన మీద మౌఖిక పరీక్ష కూడా అప్పుడే. వచ్చిన ప్రొఫెసర్ పట్టికలో ఆ మిల్లు ఉన్న వరుస మీద వేలు పెట్టి, “భలే పట్టుకున్నారు” అని మెచ్చుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను, అయినా థాంక్స్ చెప్పాను.

ఆ వారమే అక్కను చూడటానికి వెళ్లాను. బాయి క్వార్టర్ ఖాళీ చేసినప్పటినుంచి మిల్లు పక్కనే ఒక గదిలో ఉంటున్నారు. దాచలేక అంతా చెప్పేశాను. బియ్యం ఏరుతున్న అక్క చెయ్యి ఆగింది.

“అంటే, నీకు ముందుగాలనే ఎర్కనా తమ్మీ?”

“ఎర్కనే అక్కా.”

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“ఆయనకు చెప్పకు” అంది. “మిల్లు మళ్ల తెరుస్తరని రోజు పొద్దుగాల డ్యూటీ బట్టలేసుకొని గేటు కాడికి పోతుండు. గా ఆశ గూడ లేకుంటే మనిషి దక్కడు.”

మధ్యాహ్నం బావ గేటు దగ్గరనుంచి వచ్చాడు. చెప్పులు విప్పుతూనే అడిగాడు.

“తెరుస్తరా బామ్మర్దీ?”

నా పట్టికల్లో అంత కిందకు పడి లేచిన కంపెనీ ఒక్కటీ లేదు.

“తెరుస్తరు బావా” అన్నాను. “లెక్క చేసి చూసిన.”