ఆమె పెట్టిన గడువు

నా భార్య ఆషాఢంలో హిందూపురం ఆసుపత్రిలో చనిపోయింది. ఆమె కోసం ఇంకా మా ఇంటికి ఫోను చేసేవాళ్ళున్నారు. అందరికీ విడివిడిగా చెప్పలేక ఇది రాస్తున్నాను.

పెనుకొండలో మా ఇంట్లోనే కూర్చుని ఆమె కంప్యూటరు ప్రోగ్రాములు రాసేది. ధర్మవరంలోని ఒక పట్టుచీరల కొట్టులో ఆమె ప్రోగ్రామే నడుస్తుంది. సాయంత్రం కొట్టు కట్టేసే ముందు అక్కడి కంప్యూటరు మా ఇంటి ఫోనుకు డయల్ చేస్తుంది. ఫోను తీగ మీద కంప్యూటర్లను మాట్లాడించే మా మోడెం పెట్టె ఎత్తేది. వాళ్ళు ఆ రోజు అమ్మకాలు చెబితే, మా కంప్యూటరు హిందూపురం శాఖకు ఏ చీరలు పంపాలో తిరిగి చెప్పేది.

మొదట్లో కొట్టు కంప్యూటరు తరచూ బిగుసుకుపోయేది. ఒకరోజు షావుకారు ఫోను చేశాడు.

"ఏమ్మా, మీ ఇంట్లో ఫోనెత్తేది మనిషా, దెయ్యమా? ఎత్తుతాది, పలకదు."

"దెయ్యమైతే ఏదో ఒకటి పలుకుతాది సావుకారూ" అని నవ్వింది.

తర్వాత నాకు వివరించింది. ఎదురుచూడటం రెండు రకాలట. అవతల ఎత్తడానికి ఒక గడువు, ఎత్తాక మాట రావడానికి ఇంకొకటి. ఆమె మొదటిది పెట్టి రెండోది మరిచింది.

"లోపల ప్రోగ్రాము బిగుసుకుపోయినా వాకిలి మాత్రం తెరుచుకుంటాది. ఎవరో ఉండారనుకొని మనం నిలబడిపోతాం. గడువు లేకుంటే వాళ్ళతోపాటు మనమూ ఆగిపోతాం."

రెండో గడువు పెట్టాక ఆ బాధ తీరింది.

ఆమె కూడా ఫోనెత్తి వెంటనే పలికేది కాదు. అవతలి ఊపిరి విని ఎవరో చెప్పేది. చాలాసార్లు సరిగ్గానే చెప్పేది. నాకది నచ్చేది కాదు.

ఆసుపత్రికి బయలుదేరేటప్పుడు నేను కంప్యూటరు ఆపబోతే వద్దంది. "సాయంత్రం ధర్మవరమోళ్ళు చేస్తారు" అంది. తిరిగి రాలేదు.

పరామర్శకు వచ్చిన షావుకారు వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు. "ఇప్పుడు చెప్పకూడదు గానీ అప్పా, మళ్ళీ ముందటి మాదిరే. చేస్తే ఎత్తుతాండాది. పలకడంల్యా."

కారణం నాకు తెలుసు. మా కంప్యూటరులో ప్రోగ్రాము ఎక్కడో బిగుసుకుంది. ఒకసారి ఆపి మళ్ళీ మొదలుపెడితే చాలు. కానీ అది ఆమె తన చేత్తో మొదలుపెట్టి వదిలిన పని. నేను ముట్టుకోలేదు. సాయంత్రమయ్యేసరికి ఆమె గదిలో మోడెం ఈల వేసేది, దాని దీపాలు వెలిగేవి. కాసేపు నిశ్శబ్దం. తర్వాత దీపాలు ఆరిపోయేవి. గది బయట నిలబడి వినేవాణ్ణి.

పెద్దకర్మనాడు ఊరి బయట బావి దగ్గర పిండం పెట్టాం. కాకి వెంటనే వచ్చింది. గోడమీద కూర్చుని చూసింది. ముట్టలేదు.

"ఏదో మనసులో పెట్టుకొని పోయింది" అన్నాడు ఆమె పెదనాయన. "చెప్పండప్పా, చేస్తామని చెప్పండి."

అమ్మను నేను చూసుకుంటానని ఆమె తమ్ముడు చెప్పాడు. కాకి కదల్లేదు. నీ పూలచెట్లకు నీళ్ళు పోస్తానని పక్కింటామె చెప్పింది. కదల్లేదు. పెదనాయన నావైపు తిరిగాడు.

"ఇంకొంచేపు చూసి ఆవుకు పెట్టేద్దామబ్బా. ఎంతసేపని నిలబడేది?"

నేను గోడ దగ్గరికి వెళ్ళాను.

"ఇంటికి పోయి ఆపేస్తాను" అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. కాకి దిగి వచ్చి తిన్నది.

ఆ మధ్యాహ్నమే కంప్యూటరూ మోడెమూ ఆపేశాను. ఫ్యాను చప్పుడు ఆగాక గది ఎంత పెద్దదో తెలిసింది. కొట్టులోనూ ఆపేయమని షావుకారుకు చెప్పాను.

"ఆయమ్మ పెట్టింది. నేనెట్ల తీసేదప్పా? ఉండనీ" అన్నాడు.

అందుకే సాయంత్రం ఇప్పటికీ ఫోను మోగుతుంది. ఇప్పుడు మోడెం ఎత్తదు. చేసేది యంత్రమని తెలుసు, ఎత్తితే ఊపిరి కాదు, ఈల వినిపిస్తుందని తెలుసు. అయినా పక్కన కూర్చుంటాను. ఎత్తడానికి ఆమె ఎంతసేపు ఇచ్చిందో అంతసేపు మోగుతుంది. ఇక ఎత్తుదామని నేను చేయి చాపేసరికి ఆగిపోతుంది.