పాత కంప్యూటర్‌లో సమాధుల పుస్తకం

గత నెల మా ఆవిడ పెన్షన్ కాగితం తీయబోతే కంప్యూటర్ ఆ పేజీ తెరవలేదు. సిస్టం పాతదైపోయింది, కొత్తది వేసుకోమని తెర మీద ఒక నోటీసు, దాని కింద రెండు బటన్లు: ఇప్పుడు, తర్వాత. నేను ‘తర్వాత’ నొక్కాను. మర్నాడూ అదే నొక్కాను. నాలుగో రోజుకి మా ఆవిడ నా కుర్చీ వెనక నిలబడి, “ఏవండీ, పెళ్లిచూపుల్లో కూడా మీరింత ఆలోచించలేదు” అంది. నవ్వాను గాని, మౌస్ మీద వేలు కదలలేదు. ఇంకే కంప్యూటర్‌లోనూ తెరుచుకోని ఫైలు ఒకటి అందులో ఉంది. అది ఆవిడ తండ్రిది. ఉందని ఆవిడకి తెలియదు.

తాడేపల్లిగూడెంలో నాకు చాలా ఏళ్లు డీటీపీ షాపు ఉండేది. శుభలేఖలు, చర్చి పాటల పుస్తకాలు, జ్ఞాపకార్థ కూడిక కార్డులు, అన్నీ ఆ కంప్యూటర్ మీదే. అప్పట్లో తెలుగు కొట్టడానికి వేరే సాఫ్ట్‌వేర్ కావాలి. అది లేని చోట తెరిస్తే అక్షరాలకి బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. ఆ పాత సాఫ్ట్‌వేర్ కొత్త సిస్టంలో నడవదు. షాపు ఎత్తేసినప్పుడు అన్నీ అమ్మేశాను, ఆ ఒక్క డబ్బాని మాత్రం ఇంటికి తెచ్చుకున్నాను. అలవాటైన వస్తువు కదా అని అందరికీ చెప్పాను.

మా మామగారు కలిదిండి దగ్గర ఒక ఊళ్లో రిటైరైన మాస్టారు, అక్కడి చర్చి పెద్ద. ఆ ఊరి సమాధుల తోట పల్లంలో ఉంటుంది. కొల్లేరు నిండి నీళ్లు ఎగదన్నిన ఏడాది మట్టిదిబ్బలు చదునైపోతాయి. కర్ర సిలువలు కొట్టుకుపోయి ఎవరి చేపల చెరువు గట్టునో తేలతాయి. అందుకని ఏ వరసలో ఎవరున్నారో రాసిన పుస్తకం ఒకటి ఉండేది. అది తడిసి అట్టకట్టుకుపోతుంటే, డెబ్భై దాటిన ఆ మనిషి నేనిచ్చిన సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ ముందు కూర్చుని, ఒంటివేలితో మొత్తం ఎక్కించారు. ఒత్తు ఎక్కడుందో దొరక్కపోతే గూడెంలో నాకు ఫోన్ చేసేవారు. పొయ్యి మీద చేపల పులుసు మాడుతున్నా లేవరని అత్తగారి ఫిర్యాదు. ఆయన పని పూర్తయ్యేసరికి అసలు పుస్తకం పొడిపొడిగా రాలిపోయింది.

పదేళ్ల క్రితం ఒక మధ్యాహ్నం ఆయన కంప్యూటర్ మీద కూడా ఇలాంటి నోటీసే వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. ఏలూరులో ఒక పెద్ద ఆర్డరు మాట్లాడుకోవాలి, బస్సుకి టైమవుతోంది. మామగారు నా పక్కన నిలబడి, “అల్లుడుగారూ, ఇది నొక్కితే నా అక్షరాలకేం కాదు కదండీ? కనుక్కున్నారా?” అన్నారు.

“కనుక్కున్నానండి,” అన్నాను. కనుక్కోలేదు. నొక్కేసి బస్సెక్కాను.

మూడో రోజు ఆ ఊళ్లో ఒక ముసలావిడ పోయింది. తనని భర్త పక్కనే పెట్టాలని బతికుండగానే కొడుకు దగ్గర మాట తీసుకుంది. భర్త పోయి ఇరవై ఏళ్లు. ఆయన సమాధి మీద గుర్తేమీ మిగల్లేదు. కబురందుకుని నేను వెళ్లేసరికి పదయింది. భూస్థాపన సాయంత్రం నాలుగింటికి. తెర నిండా పిచ్చి గుర్తులు. మామగారు కళ్లద్దాలు తుడుచుకుని చూస్తున్నారు, మళ్లీ తుడుచుకుంటున్నారు. గుమ్మంలో ఆవిడ కొడుకు, అతని వెనక పారలతో ఇద్దరు. నా షాపు కంప్యూటర్ ఇంకా పాత సిస్టం మీదే ఉంది. ఫైలు పట్టుకుని గూడెం వెళ్లి, చూసుకుని, నాలుగులోగా తిరిగి రావచ్చు. ఆ సంగతి నాకు వెంటనే తట్టింది. కానీ ఆ మాట అంటే, ఎందుకిలా అయిందో కూడా చెప్పాలి. నేను తీగలు సర్దుతున్నట్టు టేబుల్ కిందకి వంగాను.

“తప్పు నాదేనండి బాబూ. ముసలి చేతులు, ఏదో నొక్కేశాను,” అన్నారు మామగారు ఆ కొడుకుతో. నా వైపు చూడనైనా లేదు. ఎండలో సమాధుల తోటంతా రెండుసార్లు తిరిగి, ఐదో వరసలో ఒక చోట చూపించారు. అక్కడే తవ్వారు.

బాగవుతుందేమో చూస్తానని తెచ్చుకున్న ఆ ఫైలుని వారం తర్వాత గూడెంలో తెరిచాను. ఒక్క అక్షరం కూడా పోలేదు. భర్త మూడో వరసలో ఉన్నాడు. మామగారు ఫోన్ చేసి అడిగితే, తెరుచుకోలేదండి అన్నాను. నిజం తెలిస్తే ఆ పెద్దాయన కుంగిపోతారని నాకు నేను చెప్పుకున్నాను. ఆయన నోటుపుస్తకం ఒకటి కొనుక్కుని, మీవాళ్లు ఎక్కడున్నారో గుర్తుందా అండీ అంటూ ఇంటింటికీ తిరిగారు. రెండేళ్లు తిరిగారు. నేను ఊరెళ్లినప్పుడల్లా ఆ పుస్తకం చూపించి, ఇంకా ఎన్ని పేర్లు దొరకలేదో చెప్పేవారు. ఆయన పోయి ఆరేళ్లయింది.

‘ఇప్పుడు’ నొక్కితే ఆ ఫైలు ఇక ఎవరికీ తెరుచుకోదు. నాకు కావలసింది అదేనేమో అన్న అనుమానం నాలుగు రోజులూ నన్ను పట్టుకుంది. చివరికి పేజీలన్నీ ప్రింటు తీసి, మా ఆవిడ ముందు పెట్టి, మొత్తం చెప్పాను. ఆవిడ తండ్రి కొట్టిన అక్షరాల మీద చెయ్యి ఉంచింది. “ఆయన ఆ పుస్తకం పట్టుకుని తిరుగుతుంటే చూస్తూ ఊరుకున్నారా అండీ?” అంది. తర్వాత తనే వెళ్లి ‘ఇప్పుడు’ నొక్కింది. రెండు రోజులు నాతో అన్నం పెట్టనా అన్న మాట తప్ప వేరే మాట లేదు.

మూడో రోజు ఆ ముసలావిడ కొడుకు దగ్గరికి వెళ్లాను. చెరువు గట్టు మీద మేత బస్తాలు దింపిస్తున్నాడు. నేను చెబుతుంటే అడ్డుపడకుండా విన్నాడు. కాగితం చూసి, “మధ్యలో ఒక్క వరసేనా అండీ?” అన్నాడు. “ఒక్కటేనండి,” అన్నాను.

“మా నాన్న ఎప్పుడూ గట్టు మీదే పడుకునేవాడండి. అమ్మేమో ఇంట్లో. ఆ మాత్రం దూరం వాళ్లకి అలవాటే.” కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. “మాస్టారు మాత్రం నేను ఎదురైనప్పుడల్లా తలొంచుకుని వెళ్లిపోయేవారండి. నాకు కాదు, ఆయనకి చెప్పాల్సిందండీ మీరు.”

ఆయన బతికున్న రోజుల్లో ఎన్ని సాయంత్రాలు ఆయన ఎదురుగా కూర్చున్నానో. నిజం చెప్పమని కాలం నన్ను ఏనాడూ తొందరపెట్టలేదు; అందుకే ఇంత ఆలస్యం చేయగలిగాను.