రెండు నిమిషాల మౌన ప్రార్థన

మిర్చి కల్లాల రోజుల్లో మా ఊళ్లో దగ్గనివాళ్లుండరు. అందులో టీబీ దగ్గేదో తేలక, ఆరోగ్య కేంద్రం నర్సు మా పాస్టరుగారి సాయం అడిగారు. ఇవాళ ఘాటు లేని చర్చిలో ఆయన రెండు నిమిషాలు మౌన ప్రార్థన చేయించారు. ఆవిడ కళ్లె పరీక్ష డబ్బాలతో వెనక నిలబడి, ఘాటు లేకున్నా దగ్గేదెవరోనని చెవులు రిక్కించారు.

ఆ డబ్బాలు అందరం చూశాం. అంతే, ఒక్క దగ్గు లేదు. నిండు చర్చిలో ఒక్కరూ బతికి లేనట్టుంది. ‘ఆమెన్’ అనగానే చర్చంతా ఒక్కపెట్టున దగ్గింది.

“ఎవరో తెలిసిందా అమ్మా?” అన్నారు పాస్టరుగారు.

“అందరూనండి అయ్యగారూ! డబ్బాలు చాలవు.”

నవ్వుకుంటూ, డబ్బా తీసుకోకుండానే ఇంటికొచ్చాను. మీరైతే ఆ నిశ్శబ్దంలో దగ్గేవారా? నేను ఇది రాసేలోపు నాలుగుసార్లు దగ్గాను, తలుపేసుకుని.