లైన్లో ఖాళీ బాల్టీలు

వేదవతికి లైన్లో చోటు పోవడమంటే ఇప్పటికీ గుండె దడే. వాట్‌గంజ్ పేటలో వీధి పంపు దగ్గర పెరిగిన పిల్ల మరి. ఎనిమిదేళ్లప్పుడు ఖాళీ బాల్టీ లైన్లో పెట్టి ఆటకి పోతే, ఎవరో దాన్ని మురిక్కాలవలోకి తన్నేశారు. ఆ పూట ఇంట్లో నీళ్లు లేవు. పిల్ల ఏడ్చిన ఏడుపు వీధంతా విన్నది.

ఆ పిల్లే 2006 నాటికి అదే ఊళ్లో భవానీపూర్‌లో ఓ చిన్న కంపెనీలో చేరి, పరీక్ష ఫలితాల వెబ్‌సైటు చూసుకునే పనిలో పడింది. ముందున్న వెబ్ సర్వరు వచ్చినవాళ్లని పలకరిస్తుంది. వెనకున్న అప్లికేషన్ సర్వరు మార్కులు వెతికి తెచ్చిస్తుంది. రెండింటి మధ్యా రెండొందల కనెక్షన్లు, అంటే ఒకేసారి రెండొందల మందికే చోటు. ఎల్లుండే ఫలితాలు. ఉత్తుత్తి రద్దీ పెట్టి రెండుసార్లు చూస్తే రెండుసార్లూ సైటు చతికిలబడింది. చిత్రమేమిటంటే, వెనక సర్వరు ఈగలు తోలుకుంటూనే ఉంది, ముందుదేమో ఖాళీ లేదంటూ జనాన్ని తిప్పి పంపేస్తోంది.

"రేపు మధ్యాహ్నం ఆఖరిసారి చూసినప్పుడు కూడా ఇలాగే అయితే ఈ పని వేరేవాళ్లకి పోతుంది వేదా," అన్నాడు పై అధికారి తపన్‌దా. పనితో పాటు వేదవతి ఉద్యోగమూ పోతుందని ఆయన చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా.

మర్నాడు పొద్దున్నే దిగులు మొహంతో పంపు దగ్గరికి వెళ్లింది. అక్కడ పెత్తనం వాళ్లమ్మ సన్యాసమ్మది. కార్పొరేషన్లో వీధులూడ్చే మనిషి. ఈ పెత్తనం ఆవిడకెవరూ ఇవ్వలేదు, లాక్కునే ధైర్యమూ ఎవరికీ లేదు. లైను మొదట్లో బాల్టీలు వరసగా ఉన్నాయి, మనుషులు లేరు. నీళ్లు ఊరికే పోతున్నాయి.

"ఇయ్యెవలివి? మనిసి నేదా? అయితే పక్కనెట్టండి!" అని అరిచింది సన్యాసమ్మ.

"పాపం, వాళ్లొస్తేనో?" అంది వేదవతి.

"వొస్తే ఎంటనే మల్లీ లైన్లో పెడతాం. దాన్దేటుంది? ఆల్ల కోసరం నీల్లు నేలపాలు సేత్తామేటి?"

వేదవతి ఓ బాల్టీని పక్కన పెట్టబోయి ఆగిపోయింది. పని అయిపోయిన కనెక్షన్ని కూడా ఐదు నిమిషాలు వదలొద్దని ముందు సర్వరుకి రాసిపెట్టింది తనే. మళ్లీ వస్తే చోటుండాలి కదా పాపం అని. ఒక్కో కనెక్షనూ వెనక సర్వరులో ఒక్కో చోటు పట్టుకు కూర్చుంది. రెండొందలూ ఖాళీ బాల్టీలే!

ఆఫీసుకెళ్లి ఆ ఐదు నిమిషాల్ని ఐదు సెకన్లు చేసింది. మధ్యాహ్నం సైటు మీదికి ఉత్తుత్తి జనాన్ని వెయ్యిమందిని వదిలారు, ఆపైన రెండువేలు, ఐదువేలు. ఒక్కరూ తిరిగి పోలేదు. తపన్‌దా అందరికీ టీ తెప్పించి, "ఎక్కడ నేర్చుకున్నావ్?" అన్నాడు. ఇన్నాళ్లూ అమ్మ ఉద్యోగం మాట దాటేస్తూ వచ్చిన వేదవతి, "వీధులూడ్చే మా అమ్మ దగ్గర, పంపు లైన్లో," అంది. సిగ్గు వెయ్యలేదు సరికదా, గర్వమేసింది.

సాయంత్రం అమ్మ కాళ్ల దగ్గర కూర్చుని అంతా చెప్పి, "ఈ పద్ధతి నీకెవరు నేర్పేరమ్మా?" అని అడిగింది.

సన్యాసమ్మ కూతురి జడ విప్పుతూ, "ఇంకెవలు, నువ్వే గదే," అంది. "బాల్టీ తన్నేసినారని ఏడిసినావు సూడు. ఆ మర్నాటి నుంచే నాను పంపు కాడ నిలబడతన్నాను. పక్కనెట్టొచ్చు గానీ తన్నకూడదు, వొచ్చినోల్లకి మల్లీ సోటియ్యాల అని."

పదిహేనేళ్లుగా ప్రతి పొద్దూ అమ్మ అక్కడ నిలబడింది తన ఏడుపు మర్చిపోలేకని వేదవతికి ఇప్పుడే తెలిసింది.