ఒక ఫ్యాను కింద రెండు శాస్త్రాలు

మా కాలేజీలో నన్ను లాభం మాస్టారు అంటారు. వెనకాలే అంటారు, కానీ నాకు వినపడేంత వెనకాల. నేను అర్థశాస్త్రం చెబుతాను. మనిషి ఏ పని చేసినా తన లాభం చూసుకునే చేస్తాడని ఏళ్ల తరబడి బల్ల గుద్ది చెప్పాను. ఆ బల్లకి ఒక పక్క సొట్ట కూడా పడింది. ఇంట్లో నా భార్య మాత్రం, "ఏవండీ, అంత లాభం చూసుకునే మనిషి ఆ చొక్కా ఎందుకు కొన్నట్టు?" అని అడిగేది. ఆ ప్రశ్న సిలబస్‌లో లేదని తప్పించుకునేవాణ్ణి.

ఇది నా కథ కాదు, మా మనస్తత్వశాస్త్రం మేడం కథ. నా గురించి ఎంత తక్కువ చెబితే నాకంత మంచిది. కానీ ఆవిడ కథలో అడుగడుగునా నేనే అడ్డం పడ్డాను, ఏం చెయ్యను.

వానలకి ఆవిడ గది కారడం మొదలైంది. ప్రిన్సిపాల్ గారు ఆవిణ్ణి తీసుకొచ్చి నా గదిలో ఒక మూల బల్ల వేయించారు. ఉన్నది ఒకటే ఫ్యాను, ఒకటే కిటికీ. ఎవరి వాటాకి ఎంత గాలి వస్తుందోనని నేను అప్పుడే మనసులో పంపకాలు మొదలుపెట్టాను. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుని, "మాస్టారూ, నేనిక్కడికి రావడం మీకు ఇష్టం లేదు కదూ?" అంది. అలా మొహం మీద అడిగేస్తే ఏ శాస్త్రంలో జవాబుంటుంది? "అబ్బే, అదేం లేదండీ" అంటూ నీళ్లు నమిలాను. "పర్లేదు, అలవాటైపోతాను" అని నవ్వింది. నా బల్లకున్న సొరుగుల్లో ఒకటి ఖాళీ చేసి, వాడుకోమని ఇచ్చాను. నా ఔదార్యానికి నేనే మురిసిపోయాను.

ఆవిడది తాత్కాలిక ఉద్యోగం. ఏడాది చివర పొడిగిస్తే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. మంచం పట్టిన అక్కతో కలిసి, మెట్లెక్కే పని లేని చిన్న ఇంట్లో ఉండేది. చదువుకునే రోజుల్లో సాయంత్రాలు చెప్పుల కొట్లో పనిచేసిందట. తనకి అసలు చదువు అక్కడే వచ్చిందనేది.

"నాలుగు జతలు తొడిగి చూసి, చివరికి మొదటి జతే కొనుక్కునేవాళ్లు మాస్టారూ. మరి మిగతావి ఎందుకు తొడిగినట్టు?"

"నాణ్యత పోల్చి చూసుకోవడానికి."

"కాదు. ఇంటికెళ్లాక మనసు పీకకుండా ఉండడానికి."

ఆవిణ్ణి ఎలాగైనా ఓడించాలని నేను ఇంట్లో స్నానం చేస్తూ వాదనలు కూర్చుకునేవాణ్ణి. గదిలోకి రాగానే అవన్నీ ఆవిరైపోయేవి. ఒకరోజు వాదనలో పడి గంట కొట్టింది కూడా వినిపించుకోలేదు. ఇద్దరి క్లాసులూ పోయాయి. తీరా చూస్తే పిల్లలంతా మా కిటికీ దగ్గర గుంపుగా నిలబడి మా గొడవ వింటున్నారు. క్లాసులో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ చూడలేదు.

ఆ గుంపుని చూసే ప్రిన్సిపాల్ గారికి ఆలోచన తట్టింది. రెండు శాస్త్రాలూ కలిపి, మనిషి నిజంగా ఎలా ఎంచుకుంటాడో చెప్పే కొత్త సబ్జెక్టు ఒకటి పెడదామన్నారు. ఇష్టమైనవాళ్లు చేరొచ్చు. "ముప్ఫై మంది చేరితే సబ్జెక్టు ఉంటుంది, మేడం ఉద్యోగమూ ఉంటుంది. చేరకపోతే ఈసారి పొడిగించడం నా చేతుల్లో లేదు" అని చెప్పేశారు. మేడం తలూపింది. నేను మాత్రం రొమ్ము విరుచుకుని, "పిల్లల్ని చేర్పించే పని నాకొదిలెయ్యండి" అన్నాను. ఆవిడ పుట్టి ముంచడానికి మొదటి అడుగు అదే.

వారం తిరిగేసరికి ఆరుగురు చేరారు. నేను నోటీసు బోర్డు మీద పెద్ద అక్షరాలతో ఇలా రాసిపెట్టాను: "ఇంతవరకు చేరినవారు ఆరుగురే. సీట్లు పుష్కలంగా ఉన్నాయి. రండి!" సరుకు దండిగా ఉందంటే కొనేవాడు సంతోషిస్తాడని నా లెక్క. మర్నాటికి ఆ ఆరుగురిలో ఇద్దరు జారుకున్నారు.

మేడం ఆ కాగితం ముందు కాసేపు నిలబడింది. "మాస్టారూ, ఖాళీగా ఉన్న హోటల్లోకి మీరు వెళ్తారా?"

"ఎందుకెళ్లను? త్వరగా వడ్డిస్తారు."

"మీరొక్కరే వెళ్తారు" అంది.

సరే, పాఠం అర్థమైంది కదా అని ఆ కాగితం చింపేసి, "కొద్ది సీట్లే మిగిలాయి. త్వరపడండి!" అని ఇంకోటి అంటించాను. దాన్ని ఆవిడే పీకేసింది. ఆవిడకి కోపం రావడం అప్పుడే చూశాను. "చేరాక వీళ్లకి మొదటి పాఠం ఏం చెబుదాం? మిమ్మల్ని ఇలా బుట్టలో వేశామని చెబుదామా?" అంది. ఉద్యోగం పోయేలా ఉన్నా అబద్ధం ఆడనంటున్న మనిషిని చూసి నాకు చిరాకేసింది. కాసేపటికి సిగ్గేసింది. ఆ తర్వాత ఆవిడే గేటు దగ్గర బెంచీ మీద కూర్చుని, వచ్చేపోయే పిల్లల్ని పలకరించి, వాళ్లు ఏది ఎందుకు కొన్నారో, ఎందుకు మానేశారో అడిగేది. ఆ కబుర్లకి చాలామంది చేరారు. కానీ గడువు దగ్గరపడేసరికి ఇంకా పదిమంది తక్కువే ఉన్నారు.

ఆ మధ్యాహ్నం సుద్దముక్క కోసం వెతుకుతూ, నేను ఆవిడకిచ్చిన సొరుగు లాగాను. అందులో ఏమీ లేదు. గుండుసూది కూడా లేదు. ఏడాదిగా ఆవిడ దాన్ని ముట్టుకోనే లేదు. ఎప్పుడు వెళ్లిపొమ్మన్నా చేతిసంచీ తగిలించుకుని లేచి వెళ్లేలా బతుకుతోందన్నమాట. ఈ మనిషి వెళ్లిపోతే నా గాలి నాకు, నా కిటికీ నాకు మిగులుతాయి. నా సిద్ధాంతం ప్రకారం నేను సంతోషించాలి. ఎంత ప్రయత్నించినా సంతోషం రాలేదు.

అప్పుడు నాకు బ్రహ్మాండమైన ఉపాయం తట్టింది. ధరల సిద్ధాంతం మీద నేను చెప్పే ఐచ్ఛిక సబ్జెక్టు ఒకటుంది. దాని నోట్సు నాకు ప్రాణం. దాన్ని మూసేస్తే అందులోని పిల్లలు ఇంకోదాంట్లో చేరాలి కదా, దగ్గరలో ఉన్నది మా కొత్త సబ్జెక్టే కదా! ప్రిన్సిపాల్ గారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన ముక్కు మీద వేలేసుకుని, "దీనివల్ల మీకేంటి మాస్టారూ?" అని అడిగారు. కాగితం మీద సంతకం పెట్టి వచ్చేశాను. పిల్లలు చేరారు. ముప్ఫై దాటారు. నేను కాలేజీ అంతా ఛాతీ ఉబ్బించుకుని తిరిగాను.

మర్నాడు ఆర్డరు వచ్చింది. కొత్త సబ్జెక్టుకి అనుమతి ఇచ్చారు. ధరల సిద్ధాంతం మూతపడినందువల్ల నాకు ఆ గంటలు ఖాళీ అయ్యాయి కాబట్టి, కొత్త సబ్జెక్టు మొత్తం నేనే చెబుతానట. తాత్కాలిక అధ్యాపకురాలి అవసరం ఇక లేదట.

అది రెండుసార్లు చదివాను. ఒక చోట ఖాళీ పెడితే ఇంకో చోట ఏం జరుగుతుందో చెప్పడమే నా వృత్తి. "నాకు మనస్తత్వశాస్త్రం రాదండీ!" అని ప్రిన్సిపాల్ గారి ముందు మొత్తుకున్నాను. "పుస్తకం చూసి చెప్పెయ్యండి. ఆర్డరు పైనుంచి వచ్చింది, నేనేం చెయ్యను" అన్నారు ఆయన. మేడం ఆర్డరు చదివి మడిచి నా చేతికిచ్చింది.

ఇంటికొచ్చి నా భార్యకి చెప్పాను. "మంచి చెయ్యబోయి ఇల్లు పీకి పందిరేశారు" అంది. అని ఊరుకోలేదు. "ఇన్నేళ్లుగా జ్వరమొచ్చినా వాడకుండా దాచారే, ఆ సెలవులన్నీ ఏం చేసుకుంటారు?" అంది. నిజమే, పిసినారిలా దాచాను. ఉద్యోగం దిగేనాడు డబ్బుగా మార్చుకుందామని. మర్నాడే ఏడాదికి సరిపడా సెలవు అడిగాను. ఎప్పుడూ సెలవు పెట్టని మనిషి అడిగితే ప్రిన్సిపాల్ గారు కాదనలేకపోయారు. నా బదులు చెప్పడానికి మనిషి కావాలి. ఆ సబ్జెక్టు తెలిసిన మనిషి ఊరు మొత్తానికి ఒక్కరే ఉన్నారు.

మొదటి క్లాసు చెప్పిన సాయంత్రం మేడం మా ఇంటికి వచ్చింది. కృతజ్ఞతలు చెబుతుందేమోనని వినయంగా మొహం పెట్టుకుని ఎదురెళ్లాను. గుమ్మంలోనే నిలబడి కడిగేసింది.

"నా కోసం మీ సబ్జెక్టు మూసేశారు. నా కోసం సెలవు పెట్టేశారు. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి నన్ను అడిగారా మాస్టారూ?"

నేను అడగలేదు. పిల్లలు ఏం కోరుకుంటారో ఊహించాను, పైవాళ్లు ఏం చేస్తారో ఊహించాను. నాలుగడుగుల దూరంలో కూర్చున్న మనిషిని అడగాలని తోచనే లేదు. "తప్పయిపోయింది" అన్నాను. ఆవిడ కళ్లు తుడుచుకుంది. "నా కోసం ఎవరైనా నష్టపోతే ఎలా ఉండాలో నాకు తెలియదండీ. అలవాటు లేదు" అంది. మా ఆవిడ ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది.

వెళ్లేటప్పుడు అడిగాను, అడగడం అప్పుడే నేర్చుకున్నాను కదా: "ఇప్పుడు నేనేం చేస్తే బాగుంటుంది?"

"క్లాసుకి రండి. నాతో గొడవ పడేవాళ్లు లేక పాఠం చప్పగా ఉంది."

సెలవులో ఉన్నవాడు కాలేజీకి రాకూడదని ఎక్కడా రాసిలేదు. మర్నాడు వెళ్లి చివరి బెంచీలో కూర్చున్నాను. మేడం నా సబ్జెక్టు సంగతి, నా సెలవు సంగతి దాచకుండా పిల్లలకి చెప్పి, "ఈయన ఇదంతా ఎందుకు చేశారంటారు?" అని అడిగింది. జాలి అన్నారొకరు. మంచితనం అన్నారు ఇంకొకరు. నేను మెడ నిటారుగా పెట్టి కూర్చున్నాను.

ముందు వరసలో ఒకమ్మాయి లేచింది. "అదేం కాదు మేడం. మీరు వెళ్లిపోతే ఆ గదిలో సార్‌తో మాట్లాడేవాళ్లు ఉండరు. అందుకు చేశారు."

క్లాసంతా నవ్వింది. అందరూ వెనక్కి తిరిగి నా వైపు చూశారు. ఎదురు వాదన కోసం వెతుక్కున్నాను. దొరకలేదు. "అవునమ్మా, నువ్వు చెప్పిందే నిజం" అన్నాను.