రెండో పూత

కొమురయ్య టైల్స్ పని ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకోలేదు. చదువుకని ఆక్లాండ్ వచ్చి, మనురేవాలో ఒక డైరీలో, అంటే అక్కడి వీధి కొట్టులో, పాలూ బ్రెడ్డూ అమ్ముతూ, సెలవు రోజుల్లో టైల్స్ వేసేవాళ్ళ వెంట బకెట్లు మోసి, చూసి పట్టుకున్నాడు. పదేళ్ళకు తెలుగువాళ్ళ ఇళ్ళల్లో బాత్రూమ్ అంటే కొమురయ్యే అన్న పేరొచ్చింది.

ఆ పేరును అతనే పాడుచేసుకున్నది 2014లో, ఇస్తాంబుల్ ప్రయాణం హడావుడిలో.

హాబ్సన్‌విల్‌లో రాజ్యం ఆంటీ ఇంట్లో షవర్ పని. టైల్స్ కిందికి నీరు దిగకుండా రబ్బరులాంటి పూత రెండుసార్లు వేయాలి. మొదటిది బాగా ఆరాకే రెండోది. ప్రయాణం చూస్తే రెండు రోజుల్లో ఉంది. భార్య పుష్పలత మూడేళ్ళుగా చూడాలంటున్న ఊరు. కొమురయ్య ఒక్క పూతతో సరిపెట్టి, అదీ తడి ఆరకముందే టైల్స్ పరిచేశాడు. ఇక్కడి ఇళ్ళు చెక్కవి. నీరు దిగితే గోడ లోలోపలే కుళ్ళుతుంది, పైకి తెలిసేసరికి ఏళ్ళు పడుతుంది. అది అతనికి తెలుసు. ఆంటీకి తెలియదు.

"ఎంత ముచ్చటగా వేశావయ్యా!" అని ఆవిడ డబ్బా నిండా సున్నుండలు పెట్టి పంపింది.

ఇస్తాంబుల్‌లో మొదటి పొద్దున, ఒక పాత మసీదు ఆవరణలో నీలం టైల్స్ గోడ ముందు కొమురయ్య ఆగిపోయాడు. ఒక ముసలి మేస్త్రి, ఊడిపోయిన ఒక్క టైలు చోటును శుభ్రం చేసి సున్నం మెత్తుతున్నాడు. ఆ తర్వాత ముగ్గురూ పడవెక్కి, ఆసియా ఖండంలో ఉన్న అవతలి ఒడ్డుకు వెళ్ళారు.

"డాడీ, యూరప్‌లో బ్రేక్‌ఫాస్ట్, ఏషియాలో లంచ్!" అని కూతురు ప్రణీత గెంతింది.

సాయంత్రం తిరిగొచ్చేసరికి మేస్త్రి అక్కడే ఉన్నాడు. టైలు ఇంకా పక్కన గుడ్డ మీదే ఉంది. ఎందుకు పెట్టలేదన్నట్టు కొమురయ్య చేతులు తిప్పాడు. ముసలాయన నవ్వి, అతని అరచేతిని తీసుకుని సున్నం మీద ఆనించాడు. తడిగా ఉంది.

కొమురయ్య చెయ్యి లాక్కున్నాడు. తనూ ఈ పనివాడేనని ముసలాయనకు చూపించుకోవడానికి అప్పటికే ఫోన్‌లో ఆంటీ షవర్ ఫొటో తెరిచి పెట్టుకున్నాడు. చూపించకుండానే ఫోన్ మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

"ఏమైంది, గట్లయినవ్?" అంది పుష్పలత.

"ఆంటీ పని ఆగం జేసిన. ఒక్క పూతే ఏసిన, ఈ ఫ్లైట్ కోసం."

"నేనడిగింది ఊరు సూపియ్యమని. దొంగపని చెయ్యమన్ననా? నా మీదికి తొయ్యకు."

ఆక్లాండ్‌లో దిగిన మర్నాడే అతను హాబ్సన్‌విల్ వెళ్ళాడు.

"రావయ్యా! అందరికీ నీ పనే చూపిస్తున్నా," అంది రాజ్యం ఆంటీ.

"పలగ్గొట్టాలె, ఆంటీ. రెండు పూతలు ఎయ్యాల్సింది, ఒక్కటే ఏసిన."

"తెలిసే చేశావా?"

"తెలిసే."

ఆవిడ తలుపు పక్కకు జరిగింది. ఆ రోజు టీ రాలేదు. తను వేసిన టైల్స్ తనే పగలగొడుతుంటే ఆ చప్పుడు ఇల్లంతా వినిపించింది. పాత పూత గీకి, కొత్తగా ఒకటి వేసి, ఆరనిచ్చి, రెండోది వేసి, అదీ ఆరాక ఆవిడను పిలిచాడు.

"చెయ్యి పెట్టి సూడండి, ఆంటీ."

ఆవిడ అరచెయ్యి ఆనించి చూసింది. పొడిగా ఉంది.

"మౌంట్ ఆల్బర్ట్‌లో మా చెల్లెలు పద్మకూ నువ్వే వేశావుగా. అక్కడ ఎన్ని పూతలు?"

"రెండు, ఆంటీ."

అది నిజమే. అయినా ఆవిడ అతని ముఖంలోకి చూస్తూనే ఉంది.